ఇంటికి తెచ్చుకున్న లెక్క

1987 డిసెంబరు. శ్రీనివాస రామానుజన్ పుట్టి నూరేళ్ళు నిండిన నెల. నేను తొమ్మిదో తరగతి. మా లెక్కల మాస్టారు మా ముగ్గురినీ ముందు చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి తీసుకెళ్ళి, పెన్నులు స్వామి దగ్గర పెట్టించి, ఆ తర్వాత అనకాపల్లి బస్సెక్కించారు. అక్కడ గణిత పోటీ. చెరకు నరికే రోజులు కావడంతో గోవాడ ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబళ్ళు బారులు తీరి, ఊరు దాటేసరికే చాలాసేపు పట్టింది. బళ్ళ వెనకాల వేలాడే గడల్ని కుర్రాళ్ళు లాక్కుని పరిగెడుతుంటే మాకూ చేతులు దురద పెట్టాయి. మాస్టారు పక్కనే ఉన్నారని ఊరుకున్నాం. ఒళ్ళో అట్ట, జేబులో ఇంకు పెన్ను, గిన్నెలో అమ్మ పెట్టిన పులిహోర.

ఆ పోటీలో ఇచ్చిన ఇరవై ప్రశ్నల్లో పంతొమ్మిది నాకిప్పుడు గుర్తు లేవు. ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు.

ఒక చెడుగుడు పోటీకి 37 జట్లు వచ్చాయి. ఓడిన జట్టు ఇంటికి పోవాలి, గెలిచిన జట్టు పై వరసకు వెళ్ళాలి. జోడీ కుదరక మిగిలిన జట్టు ఆడకుండానే పై వరసకు వెళుతుంది. విజేత తేలేసరికి మొత్తం ఎన్ని ఆటలు జరుగుతాయి?

నేను జట్లను జతలు కట్టడం మొదలుపెట్టాను. 37లో 18 ఆటలు, ఒకటి మిగులు. ఇప్పుడు 19 జట్లు. 9 ఆటలు, ఒకటి మిగులు. 10 జట్లు, 5 ఆటలు. 5 జట్లు, 2 ఆటలు, ఒకటి మిగులు. అక్కడికొచ్చేసరికి గంట కొట్టేశారు. కంగారులో చివర ఒక ఆట వదిలేసి 35 అని రాశాను. బయటికొచ్చాక మాస్టారు జవాబు 36 అన్నారు. తిరుగు బస్సులో మళ్ళీ కూడాను. పద్దెనిమిదీ తొమ్మిదీ అయిదూ రెండూ ఒకటీ ఒకటీ. ముప్పై ఆరే.

తప్పెక్కడో దొరికింది. అయినా మనసు కుదుటపడలేదు. 37 జట్లకి 36 ఆటలు. 10 జట్లతో వేసి చూశాను, 9 వచ్చింది. 23 జట్లతో వేస్తే 22. ఎన్ని తీసుకున్నా ఆటలు ఒకటే తక్కువ. ఒక వరసలో మిగులుంటుంది, ఒక వరసలో ఉండదు, సగాలు ఒకసారి తెగుతాయి, ఒకసారి తెగవు. ఇంత గజిబిజిలోంచి అంత నున్నటి జవాబు ఎలా పుడుతోంది? మాస్టారిని అడిగాను. ఆయనకు తెలుసు. చెప్పలేదు. "నీ దగ్గరే ఉండనీ. వస్తాది" అన్నారు.

అది మూడు వారాల తర్వాత వచ్చింది, కనుమ నాడు, మా ఊరి చెరువు గట్టు కింద. సంక్రాంతికి మా వైపు ఊరూరా చెడుగుడు పోటీలు పెట్టేవారు. పక్క ఊళ్ళ జట్లు ట్రాక్టర్ల మీద వచ్చేవి. నేను చెరకు ముక్క నములుతూ గట్టు మీద కూర్చున్నాను. ఒక ఆట అయింది. ఓడిన కుర్రాళ్ళు మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుని, చొక్కాలు భుజాన వేసుకుని, మాటా పలుకూ లేకుండా ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కారు. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ఇంకో ఆట. ఇంకో ట్రాక్టరు. మూడో ఆట అయ్యి, మూడో ట్రాక్టరు స్టార్టయినప్పుడు నేను నమలడం ఆపేశాను. ఒక్కో ఆట ఒక్కో జట్టుని ఇంటికి పంపుతోంది. ఎక్కువా పంపదు, తక్కువా పంపదు. 37లో చివరికి ఒక్కటే మిగలాలంటే 36 జట్లు ఇంటికి పోవాలి. అంటే 36 ఆటలు. జతలూ మిగుళ్ళూ వరసలూ ఏవీ అక్కర్లేదు. నేను అంతసేపూ గెలిచిన జట్ల వెంట పడి లెక్కని చిక్కు చేసుకున్నాను. ఓడినవాళ్ళ వైపు తిరిగి చూస్తే అది ఒక్క ముక్కలో తేలిపోయింది.

నోట్లో చెరకు పిప్పి అలాగే ఉంది. ఆ రోజు ఎవరు గెలిచారో చూడకుండానే ఇంటికి పరిగెత్తాను.

మన భాషలో లెక్క చేస్తాం అనీ అంటాం, లెక్క వచ్చింది అనీ అంటాం. రెండో మాట మీద నాకు మక్కువ ఎక్కువ. చెయ్యడం మన చేతిలో పని. రావడం దాని ఇష్టం. వాన వచ్చినట్టు, నిద్ర వచ్చినట్టు, చుట్టం వచ్చినట్టు లెక్క వస్తుంది. మన వంతుకు తలుపు తీసి ఉంచడమొక్కటే. నేను లెక్కల మాస్టారినై, ఇన్నేళ్ళుగా పిల్లల్ని పోటీలకు తీసుకెళుతున్నాను, తీసుకొస్తున్నాను. ఏ పోటీ దగ్గరికి వెళ్ళినా నేను చూసేది ఒకటే: ఈ పోటీ తలుపు తీసి ఉంచుతోందా, వేసేస్తోందా?

మాట తీరు మీద ఇంకొకటి చెప్పాలి. లెక్క అంటే మనకు గణితమొక్కటే కాదు. లెక్కచెయ్యడం అంటే విలువివ్వడం. లెక్కలోకి రాకపోవడం అంటే మనిషి అక్కడున్నా లేనట్టే. ఈ రెండో అర్థంలో ఒక దెబ్బ నా కళ్ళ ముందే మా పిల్లకు తగిలింది. దాని కథ చెప్పాలంటే ముందు మా అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాలి.

అమ్మమ్మ బడి మొహం చూడలేదు. ఆవిడ చెప్పిన కొంగల లెక్క తెలుగు నేల మీద చాలా ఇళ్ళల్లో చెప్పుకునేదే. "ఏటగాడొకడు సెట్టు మీద కొంగల్ని సూసి, అమ్మో వంద కొంగలు అన్నాడంట. ఓ కొంగ పలికిందంట, వంద కాదు బాబూ, మేమూ, మాయంత మందీ, మాలో సగం, ఆ సగంలో సగం, నీతో కలిపితే వంద అని. ఎన్ని కొంగలో సెప్పు." తొమ్మిదో తరగతి తెలివితేటలతో నేను ఎక్స్ అనుకుని, సమీకరణం రాసి, భిన్నాలు కూడి, హారం తీసేసి 36 అని చెప్పాను. అమ్మమ్మ తల ఊపి, నాకింత సేపు ఎందుకు పట్టిందో అర్థం కాక, బియ్యం కుండలోంచి సోలా గిద్దా బయటికి తీసింది.

"ముందు ఏటగాణ్ణి తీసెయ్. తొంబైతొమ్మిది. కొంగల మంద ఒక సోల అనుకో. మేమూ అంటే సోల. మాయంత అంటే ఇంకో సోల. మాలో సగం అరసోల. సగంలో సగం గిద్ద. అన్నీ కలిపి ఎన్ని గిద్దలు?"

సోలకు నాలుగు గిద్దలు. నాలుగూ నాలుగూ రెండూ ఒకటీ, పదకొండు.

"పదకొండు గిద్దలకి తొంబైతొమ్మిదయితే గిద్దకెంత? తొమ్మిది. సోలకెంత?"

ముప్పై ఆరు. ఆవిడ చెయ్యి కొలపాత్ర మీదే ఉంది. కాగితం లేదు, భిన్నం లేదు. భిన్నాలకు భయపడే పిల్లలకు ఈ సోల దారి చూపించినప్పుడల్లా వాళ్ళ ముఖం విప్పారడం నేను చూస్తూనే ఉన్నాను. గిద్ద, సోల, తవ్వ, మానిక. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం కొలిచిన ప్రతి ఇల్లాలి చేతిలో సగాల గణితం ఉండేది. ఆ పాత్రలు అటకెక్కాక పిల్లల చేతుల్లోంచి అదీ పోయింది.

ఇక మా పిల్ల సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక క్విజ్ పోటీకి తీసుకెళ్ళాను. ఏ బడిలోనో ఏ ఊళ్ళోనో ఇక్కడ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి, కూలికి వెళ్ళే తల్లి బిడ్డ. ఆ పిల్లకు వచ్చిన ప్రశ్న ఇదే, కొంగల లెక్క. నలభై సెకన్లు. ఆ అమ్మాయి ఎడమచేతి వేళ్ళ కణుపుల మీద బొటనవేలు కదుపుతోంది. గిద్దలు లెక్కపెడుతోందని నాకు దూరం నుంచే తెలుస్తోంది. గంట మోగింది. ప్రశ్న పక్క జట్టుకి వెళ్ళింది. వాళ్ళు ప్రశ్న మళ్ళీ చదవనివ్వకుండానే ముప్పై ఆరు అనేశారు. వాళ్ళకిది ముందే కంఠతా వచ్చు. వాళ్ళ తప్పేం లేదు, అలా తయారుచేశారు. సరిగ్గా అదే క్షణంలో మా పిల్ల కూడా "ముప్పై ఆరు" అంది, చిన్న గొంతుతో. మైకు దగ్గరున్నాయన మంచిగానే చెప్పాడు, "టైమైపోయిందమ్మా, లెక్కలోకి రాదు" అని.

తిరిగి వస్తుంటే ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందేమోనని నేను అటు తిరిగి కూర్చున్నాను. వెంకన్నపాలెం దగ్గర అనుకుంటాను, "మాస్టారూ, వందే ఎందుకు పెట్టారు?" అంది. నాకర్థం కాలేదు. "యాభై అంటే కొంగలు సరిపోవు మాస్టారూ. నలభై అయిదంటే సరిపోతాయి." చేతి మీద పెన్నుతో రాసి చూపించింది. 12, 23, 34, 45, 56, 67, 78, 89, 100. పన్నెండు అయితే నాలుగు కొంగలు: నాలుగు, నాలుగు, రెండు, ఒకటి, వేటగాడొకడు. అక్కణ్ణుంచి పదకొండేసి పెంచుకుంటూ పోతే చాలు, కొంగలు నాలుగేసి పెరుగుతాయి. గంట మోగాక ఆ పిల్ల ఆగలేదు. ప్రశ్నని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటోంది. ఆ రోజు కప్పు గెలుచుకున్న జట్టు ఈ తొమ్మిది సంఖ్యల్నీ చూసి ఉండదు, చూడాల్సిన పనీ వాళ్ళకి పడలేదు.

వేగాన్ని నేను తక్కువ చెయ్యను. మనది గణితావధానం చూసి చేతులు జోడించిన జాతి. కడప జిల్లా నుంచి వచ్చిన లక్కోజు సంజీవరాయశర్మ గారు పుట్టుకతో అంధులు. అడిగిన పెద్దపెద్ద లెక్కలకు అప్పటికప్పుడు జవాబులిచ్చేవారు. అలాంటి సభలు ఆరు వేలకు పైగా చేశారని చెబుతారు. ఆ ప్రతిభ ముందు తల వంచుతాను. కానీ ఆ మహానుభావుణ్ణి చూసి మనం పట్టుకున్నది ఆయన గడియారాన్నేనేమో అనిపిస్తుంది. చూపు లేని పిల్లవాడు పలకా బలపం లేకుండా అంకెలతో ఒంటరిగా గడిపిన గంటలు మన లెక్కకి రాలేదు. ఇరాన్‌కి చెందిన మరియం మిర్జాఖానీ 1994లోనూ 1995లోనూ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు గెలిచింది. రెండోసారి 42కి 42 మార్కులు. 2014లో ఫీల్డ్స్ పతకం పొందిన మొదటి మహిళ ఆవిడే. అంతటి మనిషి తనను తాను నెమ్మదిగా ఆలోచించేదాన్నని చెప్పుకుంది. మా వైపు బెల్లం పొయ్యి దగ్గర పాకం చూసేవాళ్ళు గడియారం వైపు చూడరు. చల్లటి నీళ్ళల్లో ఒక చుక్క వేసి, వేళ్ళ మధ్య పట్టి చూస్తారు. ముదరలేదంటే ముదరలేదు, అంతే.

ఒలింపియాడ్ అన్న మాట ఇప్పుడు మా చోడవరం రోడ్ల మీద ఫ్లెక్సీలకెక్కింది. ఆరో తరగతి నుంచే ఒలింపియాడ్ సెక్షన్లు, ఫౌండేషన్ సెక్షన్లు. పాసుపోర్టు సైజు ముఖాలు, వాటి కింద ముఖాల కంటే పెద్ద అంకెల్లో ర్యాంకులు. ఫీజు కట్టించుకుని, గంటసేపు నాలుగింట్లో ఒకటి గుర్తు పెట్టించి, పతకాలు పంచే పరీక్షలకూ అదే పేరు. తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. చెరకు డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో కూడా పిల్లాడి మెడలో పతకం చూడాలని ఉంటుంది. అందుకే అసలు ఒలింపియాడ్ ఎలా ఉంటుందో వాళ్ళకి కూర్చోబెట్టి చెబుతుంటాను.

అది 1959లో రుమేనియాలో ఏడు దేశాలతో మొదలయింది. మన దేశం 1989 నుంచి వెళుతోంది. 1996లో ముంబయిలోనే జరిగింది. ఒక్కో దేశం నుంచి ఆరుగురు పిల్లలు. రెండు రోజులు. రోజుకి మూడంటే మూడే లెక్కలు, నాలుగున్నర గంటలు. ఈ మాట చెప్పగానే తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మూడు లెక్కలకి నాలుగున్నర గంటలా? అవును, ఒక్కో లెక్కకి గంటన్నర. గుర్తు పెట్టడానికి గడులుండవు, ఎందుకు అలా అవుతుందో రాసి ఒప్పించాలి. లెక్కకి ఏడు మార్కులు, సగం దాకా వెళ్ళినవాడి సగానికీ మార్కులుంటాయి. పతకం రాకపోయినా ఆరింట్లో ఒక్క లెక్క పూర్తిగా చేసినవాళ్ళకి ప్రశంసాపత్రం ఇస్తారు. ఈ చివరి సంగతి నాకెంతో నచ్చుతుంది. ఒక్క లెక్క. పూర్తిగా. ప్రపంచంలో అన్నింటికన్నా పెద్ద పోటీ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

అక్కడ ఇంకో మర్యాద ఉంది. పిల్లలు ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ప్రశ్నపత్రం అందుకుంటారు. జట్ల నాయకులు కూర్చుని అనువదిస్తారు. మన దగ్గర మాత్రం మొదటి మెట్టులోనే, మూడు గంటల్లో ముప్పై ప్రశ్నలుండే ఐఓక్యూఎం పరీక్షలో, పత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది, తెలుగులో ఉండదు. ఆ తర్వాత ప్రాంతీయ స్థాయి, జాతీయ స్థాయి, శిక్షణ శిబిరం, చివరికి ఆ ఆరుగురు. మా బడి పిల్లలు ఆ మొదటి మెట్టు దగ్గరే, లెక్క రాక కాదు, ప్రశ్న ఏం అడుగుతోందో తెలియక ఆగిపోతారు. ఇది నన్ను బాధపెడుతుంది. పదకొండో శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రం మీద వచ్చిన మొదటి పుస్తకమని దానికి పేరు. లెక్కని తెలుగులో అడగవచ్చని అప్పుడే తేలిపోయిన విషయం. ఇప్పుడు ముప్పై ప్రశ్నల కాగితాన్ని తెలుగులో అచ్చు వెయ్యడానికి అడ్డమేమిటో నాకు బోధపడదు. ఎవరు వేసినా అనువాదానికి నేను జీతం లేకుండా కూర్చుంటాను. నాలాంటి మాస్టార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది కూర్చుంటారు.

మహారాష్ట్రలో ఇచల్‌కరంజి అనే మరమగ్గాల ఊరుంది. అక్కడి కుర్రాడు సుభాష్ ఖోత్ 1994, 1995 ఒలింపియాడ్‌లలో వెండి పతకాలు తెచ్చాడు, తర్వాత కంప్యూటరు గణితంలో ప్రపంచం చెప్పుకునే పని చేశాడు. చెరకు ఊరి నుంచి ఎందుకు రాకూడదని మా పిల్లలకి ఈయన పేరు చెబుతాను. సముద్రం అవతల మనవాళ్ళు ఈ పోటీల్ని ఇంకోలా వాడుకున్నారు. రత్నం చిట్టూరి గారు 1989లో అమెరికాలో పెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ అక్కడి భారతీయ పిల్లలకు స్పెల్లింగు పోటీలతో పాటు లెక్కల పోటీలూ పెడుతుంది. అలా వచ్చిన డబ్బుతో ఇక్కడి పేద పిల్లలకు ఉపకార వేతనాలిస్తుంది. అక్కడ ఎవరో పిల్లవాడు ఓడిపోయిన పోటీ రుసుము ఇక్కడ ఇంకో పిల్ల హాస్టలు ఫీజు అవుతోందంటే, ఆ ఓటమికి ఒక చోటు దొరికినట్టే.

ఓడి ఇంటికి పోయినవాళ్ళంటే నాకు సంఖ్యాశాస్త్రవేత్త సి. ఆర్. రావు గారు తప్పక గుర్తొస్తారు. ఆయన కాలేజీ చదువు మన విశాఖపట్నంలోనే సాగింది, ఏవీఎన్ కాలేజీలో, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లక్ష్మీకాంతమ్మ గారు లేపి నూనె దీపం వెలిగించి పెట్టేవారని ఆయనే రాసుకున్నారు. లీలావతి లెక్కల పుస్తకమిచ్చి రోజూ కొన్ని చెయ్యమని తండ్రి చెప్పేవారట. ఎం.ఏ. అయ్యాక ఉద్యోగం కోసం కలకత్తా వెళితే, చిన్నవాడివని తిప్పి పంపేశారు. అక్కడ దిగిన చోట పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విన్నారు. వెళ్ళి చూశారు. 1941 జనవరి 1న చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో రాసిన ఒక్క వ్యాసంతో ఆయన పేరు సంఖ్యాశాస్త్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిపోయింది. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారం అందుకున్నారు, ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. నాకు ఆ పురస్కారాల కంటే ఆ దీపం దగ్గరే మనసు ఆగుతుంది. నాలుగింటికి లేచిన పిల్లవాడి పక్కన గంట కొట్టేవాళ్ళు లేరు. దీపంలో నూనె ఉన్నంతసేపు లెక్క ఉంటుంది.

గంట కొట్టని పోటీలూ ఉన్నాయి. హంగేరీలో డానియెల్ అరానీ అని ఒక హైస్కూలు మాస్టారు ఉండేవాడు, జ్యోర్ అనే ఊళ్ళో. 1894లో పిల్లల కోసం ఒక గణిత పత్రిక మొదలుపెట్టాడు. అందులో నెలనెలా లెక్కలు వేసేవారు. పిల్లలు ఇంట్లో కూర్చుని చేసి పోస్టులో పంపేవారు. బాగా చేసినవాళ్ళ పేర్లు, తర్వాత్తర్వాత ఫొటోలు కూడా అచ్చయ్యేవి. గణితవేత్త పాల్ ఎర్డోష్ కుర్రతనపు ఫొటో అందులో ఉంది. ఆ చిన్న దేశం నుంచి అంతమంది గణితవేత్తలు ఎలా వచ్చారని అడిగితే చాలామంది ఆ పత్రిక వైపు వేలు చూపిస్తారు. అదీ పోటీయే. కానీ ప్రశ్నకి నెల గడువు. మనకూ ఇలాంటి గాలి తగలకపోలేదు. నా చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు చవకగా దొరికిన సోవియట్ పుస్తకాల్లో యాకొవ్ పెరెల్మాన్‌ది ఒకటి కొనుక్కున్నాను. జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పోటీల్లో పిల్లలు జట్టుగా కూర్చుని తలలు దగ్గరపెట్టుకుని గుసగుసలాడుతుంటే చూడ్డానికి నాకు ఎంతో హాయిగా ఉంటుంది. ఒకరికి రాని లెక్క పక్కవాళ్ళకి వస్తుంది, అది ఇద్దరిదీ అవుతుంది.

నా చేతిలో పత్రిక లేదు. వరండా ఉంది, అందులో పాత నల్లబల్ల ఉంది. ఆ క్విజ్ నుంచి తిరిగొచ్చిన వారంలోనే దానికి నల్ల రంగు వేయించి, సోమవారం పొద్దున ఒక లెక్క రాశాను. కింద ఒక పాత బిస్కెట్ల డబ్బా, మూతకి చీలిక. జవాబు వచ్చే సోమవారం దాకా ఎప్పుడైనా వెయ్యొచ్చు. ఇంట్లో అడగొచ్చు, అమ్మని అడగొచ్చు, పొలంలో తాతని అడగొచ్చు, కాకపోతే ఎవరు చెప్పారో రాయాలి, ఎందుకో రాయాలి. మొదటి వారం నాలుగు కాగితాలు వచ్చాయి. ఇప్పుడు డబ్బా చాలదు. కాగితాల మీద నూనె మరకలుంటాయి, పసుపుంటుంది, ఒకసారి బెల్లం పాకం అంటుకుని రెండు జవాబులు కలిసిపోయి వచ్చాయి. "మా మామ్మ చెప్పింది" అని రాసినవి నేను దాచుకుంటాను. ఇటుకల లెక్కొకటి పెడితే తాపీ పని చేసే తండ్రి చెప్పినట్టు ఒక కుర్రాడు రాసిన దారి, నేను క్లాసులో చెప్పేదాని కంటే పొట్టిగా ఉంది. ర్యాంకులు వెయ్యను. సోమవారం ప్రార్థన అయ్యాక మూడు నాలుగు దారులు చదివి వినిపిస్తాను, తప్పు దారి కూడా ఒకటి, పేరు చెప్పకుండా. ఆ తప్పు ఎవరిదో వాళ్ళే చెయ్యెత్తి చెప్పేసుకుంటారు.

పెద్ద పోటీలకు పంపడం మానలేదు. డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినం. ఆ వారంలో ఎక్కడ ఏ పోటీ ఉన్నా మా పిల్లలు వెళతారు. గుడి దగ్గర ఆగుతాం, పెన్నులు పెట్టి దండం పెట్టుకుంటాం. మా మాస్టారి అలవాటు అది. తిరిగొచ్చేటప్పుడు నేను మార్కులు అడగను. "ఏ లెక్క రాలేదు?" అని అడుగుతాను. మొదట్లో సిగ్గుపడేవారు. ఇప్పుడు బస్సెక్కక ముందే చెప్పేస్తారు.

పోయిన డిసెంబరులో వరండా బల్ల మీద నా పాత లెక్కే రాశాను. 37 జట్లు, చెడుగుడు, ఓడిన జట్టు ఇంటికి. చాలామంది నాలాగే జతలు కట్టారు. కొందరికి 36, కొందరికి 35, ఒకరికి 38 కూడా వచ్చింది. ట్రాక్టర్ల దారి పట్టినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళ కాగితాలు చదువుతుంటే నాకు మా చెరువు గట్టు కనిపించింది. అడుగున ఒక మడత కాగితం ఉంది. ఆరో తరగతి పిల్లవాడిది. వేసవి సెలవుల ముందు వరకూ క్లాసులో నోరు విప్పనివాడు. 37 దగ్గర జతలు కట్టి, రెండో వరసలో తప్పి, కొట్టేసి, మళ్ళీ కట్టి, మళ్ళీ కొట్టేశాడు. జవాబు రాయలేదు. కింద ఒక్క ముక్క రాశాడు: "మాస్టారు, ఓడిపోయిన టీముకి ఇంకో సాన్సు ఇస్తే ఎన్ని ఆటలు ఆడాలి?"

డబ్బా మూత పెట్టేసి వరండాలోనే కూర్చున్నాను. ఒకసారి ఓడినా పంపకూడదు, రెండుసార్లు ఓడితేనే పంపాలి. 36 జట్లు ఇంటికి పోవాలంటే రెండేసి ఓటములు, 72. ఆటకి ఒక ఓటమి, కాబట్టి 72 ఆటలు. ఆగాను. గెలిచిన జట్టు కూడా మధ్యలో ఒకసారి ఓడి ఉండొచ్చు కదా. అప్పుడు 73. ఇంతసేపూ ఒక్క జవాబు ఉన్న లెక్క, వాడు ఇంకో సాన్సు ఇచ్చేసరికి రెండు జవాబుల లెక్కయింది. ఆ రెండింట్లో ఏదవుతుందో ఆట అయ్యేదాకా ఎవరూ చెప్పలేరు.

చీకటి పడుతోంది. ఫ్యాక్టరీ వైపు వెళ్ళే లోడు ట్రాక్టరొకటి బడి ముందు నుంచి పోయింది. సుద్దముక్క తీసుకుని బల్ల తుడిచి, వాడి ప్రశ్నని వాడి మాటల్లోనే రాశాను. సాన్సు అన్న మాట దిద్దలేదు. కింద వాడి పేరు రాసి, పక్కన తరగతి రాశాను. వచ్చే సోమవారం దాకా గడువు.